చేగోడీల పరీక్ష

కుంభావతి అని ఒక రాజ్యం ఉండేదట. దాన్నేలే ప్రచండసేన మహారాజుకి తనకు తెలియని విషయం ఒకటుందంటే నమ్మకం కుదిరేది కాదు. ఏనుగుల వైద్యం మీద ఒక గ్రంథం రాశాడు, వంటల మీద ఇంకొకటి రాశాడు. ఏనుగులు చచ్చాయి, వంటవాళ్ళు పారిపోయారు.

మూడోది పిల్లల పెంపకం మీద. పేరు ‘బాలదోష దర్పణం’. వేలు చీకడం, గోడసున్నం నాకడం, ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చోవడం, అడిగిందే అడగడం, ఇలా అరవై నాలుగు దోషాలు అందులో ఉన్నాయి. రాసి ఊరుకున్నా బాగుండేది. ఐదుకు మించి దోషాలున్న పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి వేరుచేసి, రెండేళ్ళు శిక్షాగృహంలో ఉంచాలని శాసనం కూడా చేశాడు.

రాజుని నవ్వించడం లక్కన్న కొలువు. అతని భార్య పురిట్లోనే పోయింది. మిగిలింది నాలుగేళ్ళ కొడుకు వేంగన. భటులు వచ్చి చూసి వాడిలో పదకొండు దోషాలు తేల్చారు. పదకొండేనా అనుకున్నాడు లక్కన్న. తండ్రి చెవి తమ్మె పట్టుకుంటే గాని వాడికి నిద్ర రాదు. ఎడమకాలి చెప్పు కుడికాలికే వేసుకుంటాడు, మార్చబోతే ఏడుస్తాడు. చారులో ఆవగింజ కనిపిస్తే చీమ పడిందని కంచం తోసేస్తాడు. ఇవన్నీ పోగొట్టి అప్పగిస్తామన్నారు భటులు. ఇవన్నీ పోయాక వచ్చేవాడు నాకెవడు అనుకున్నాడు లక్కన్న.

మర్నాడు సభలో రాజు తన కూతురు హేమాంగి ప్రస్తావన తెచ్చాడు. ఆరేళ్ళ రాజకుమారిలో ఒక్క దోషమూ లేదనీ, పెంపకమంటే అదనీ సెలవిచ్చాడు. పండితులు తలలూపారు. లక్కన్న లేచి, ఆ పెంపకం మా బోటివాళ్ళకి కళ్ళారా చూపించమని వేడుకున్నాడు. పదిమంది పిల్లల్ని తెర వెనక కూర్చోబెట్టి తలా ఐదు చేగోడీలు పెడదాం, కాసేపయ్యాక పళ్ళాలు మాత్రం ఇవతలికి తెప్పిద్దాం, ఎవరి బిడ్డ పళ్ళెం వారు గుర్తుపట్టాలి అన్నాడు. తను తప్పితే వేంగనను స్వయంగా శిక్షాగృహానికి తెచ్చి అప్పగిస్తానన్నాడు. ప్రభువు తప్పితే శాసనం రద్దు కావాలన్నాడు.

రాజు తప్పడమేమిటి? రాజు వెంటనే ఒప్పుకున్నాడు.

పళ్ళాలు వచ్చాయి. లక్కన్న ఒక్క చూపులో తన కొడుకుది పట్టేశాడు. వేంగన చేగోడీని చిటికెన వేలికి తొడుక్కుని చుట్టూ కొరుక్కుంటూ వస్తాడు, చివర మిగిలిన సన్నటి ముక్క తినడు. అలాంటి ముక్కలు ఐదూ పళ్ళెంలో ఉన్నాయి. చేగోడీలన్నీ పొడి పొడిగా ఉన్న పళ్ళాన్ని చూసి సేనాపతి భార్య, సిగ్గుపడుతూనే మావాడిదే అంది.

రాజు వంతు వచ్చింది. ఐదు చేగోడీలూ వరసగా, ముట్టుకోకుండా ఉన్న పళ్ళాన్ని చూపించి, రాజకుమారిది అన్నాడు. అది గుర్రాలు కడిగే సాంబయ్య కూతురిది. దానికి నిన్నటి నుంచి పంటినొప్పి.

ఇంకో పళ్ళెం నున్నగా ఖాళీగా ఉంది. ఒక్క పలుకైనా రాలలేదు. దాన్ని చూడగానే రాజకుమారి దాది ముఖం పాలిపోవడం లక్కన్న గమనించాడు. అతనికి సంగతి అర్థమైంది. అయినా అడిగాడు.

“దీని సంగతేమిటి ప్రభూ?”

ఓడిన కోపమంతా రాజు దాని మీద చూపించాడు. “తినలేదు, దాచింది. దొంగబుద్ధి. అన్నిటికన్నా చెడ్డ దోషం. ఇలాంటి బిడ్డను ఈ క్షణమే తండ్రి నుంచి వేరు చెయ్యాలి.”

తెర తీశారు. పిల్లలందరూ పరుగెత్తి ఎవరి వాళ్ళ ఒళ్ళో వాళ్ళు పడ్డారు. ఒక్క పిల్ల మాత్రం ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడింది. పరికిణీ చెంగు మూట కట్టి రెండు చేతులా పట్టుకుంది.

లక్కన్న తల వంచుకుని అన్నాడు. “ఆ శిక్ష కొత్తగా వెయ్యనక్కర్లేదు ప్రభూ. పుట్టిననాడే వేశారు.”

రాజు పెద్దగా నవ్వాడు. అలాంటప్పుడు రాజులు నవ్వక ఏం చేస్తారు? చేతి కంకణం తీసి లక్కన్నకిచ్చి, శాసనం అక్కడే చింపించాడు. నవ్వుతూనే కూతుర్ని పిలిచి, అవి ఎవరికి దాచావమ్మా అని అడిగాడు.

ఆ వంశంలో బిడ్డ పౌర్ణమికొకసారి వచ్చి, దూరం నుంచి తండ్రికి దండం పెట్టి వెళ్ళాలి. అది వాళ్ళ ఆచారం.

“తమకే ప్రభూ,” అంది హేమాంగి. “ఎప్పుడూ దాస్తాను. పౌర్ణమి నాడు తెస్తాను. తమరు ఇటు చూడకుండానే లేచి వెళ్ళిపోతారు. తర్వాత చీమలకి పెడతాను.”

రాజు నవ్వు ఆగిపోయింది. సింహాసనం దిగి వచ్చి, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు.

పిల్ల భయంగా దాది వైపు చూసింది. మూట గుండెకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఇవాళ పౌర్ణమి కాదు కదా ప్రభూ,” అంది.