వెర్రిబాగులవాడికి ఉదాహరణ

పన్నెండేళ్ళు కూర్చుని నిఘంటువు రాసిన భీమశంకరానికి చివర్లో ఒక్క మాట దగ్గర గురువుగారి సంతకం ఆగిపోయింది. ఆ మాట వెర్రిబాగులవాడు.

మర్నాడే నాగావళి ఏటి అవతల పండితుల సభ. గురువు సంతకం లేని పుస్తకాన్ని అక్కడ విప్పనివ్వరు.

గురువు చిదంబరయ్యగారు కాగితం దగ్గరగా పెట్టుకుని చదివారు. "అర్థం: తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ చూసుకునేవాడు. ఉదాహరణ: రేవు పైడన్న. ఇది చూసి రాశావా, విని రాశావా?"

"ఊరంతా అంటున్నారు గురువుగారూ."

ఊరంతా అనలేదు. నేనే అన్నాను. ఉదాహరణ కావాలని వచ్చి అడిగితే ఇరవైఏడు పేర్లు చెప్పాను, మునసబుగారి ఇద్దరు అల్లుళ్ళతో కలిపి. అందరిలోకీ ఎదురుమాట్లాడనివాడు పైడన్న కాబట్టి భీమశంకరం ఆ పేరు ఏరుకున్నాడు.

పైడన్న పని ఏరు దాటించడం. పడవ లేదు. వెదురు గడతో నీటి అడుగు పొడిచి చూస్తూ తను ముందు నడుస్తాడు, వెనకాల మనం నడవాలి. నలభై ఏళ్ళుగా అదే రేవు. అయినా అడుగుకొక పోటు. అతని వెనక నడిచి ముహూర్తం దాటబెట్టుకున్న పెళ్ళికొడుకులు మా ఊళ్ళో ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకడు ఇప్పటికీ అతనికి దణ్ణం పెడతాడు.

"సంతకం అవతలి ఒడ్డున పెడతాను, పద," అన్నారు గురువుగారు.

తెల్లారి నేనూ వెళ్ళాను. అవతల నాకు పనేమీ లేదు.

రేవులో గురువుగారు శిష్యుడి చేతిలోంచి కాగితాల మూట తీసుకుని పైడన్న తలమీద పెట్టారు. భీమశంకరం ముఖం మాడిపోయింది.

పైడన్న నీళ్ళలోకి దిగాడు. పొడిచాడు. ఆగాడు. మళ్ళీ పొడిచాడు.

"నిన్న దాటిన ఏరే కదరా! ఏం వెతుకుతున్నావు?" అన్నాడు భీమశంకరం.

"అది నిన్నటి ఏరు బాబూ."

పైడన్న చుట్టుదారి పట్టాడు. గురువుగారు అతని వెనకే నడిచారు. భీమశంకరం నవ్వి, పంచె ఎగ్గట్టి, పాతదారినే చకచకా పోయాడు.

ఏడో అడుగుకి మాయమయ్యాడు. పిలక మాత్రం కాసేపు నీటిమీద తిరిగింది. రాత్రి కొండల్లో కురిసిన వానకి అడుగున ఇసుక కోసుకుపోయింది.

పైడన్న ఒక చేత్తో మూట పట్టుకుని, రెండో చేత్తో గడ చాచాడు.

అవతలి ఒడ్డుకి చేరేసరికి నిఘంటువు పొడిగా ఉంది. రాసినవాడే తడిసి ముద్దయ్యాడు. గురువుగారు మూట విప్పి, ఆ ఒక్క కాగితమూ తీసి, కలంతో సహా శిష్యుడి ముందు పెట్టారు.

భీమశంకరం ఏటివైపు చూశాడు. తర్వాత ముందు రాసినది కొట్టేసి, కింద ఇంకేదో రాశాడు. గురువుగారు చదివి సంతకం పెట్టారు.

మధ్యాహ్నం సభలో ఆ మాట వచ్చింది. భీమశంకరం లేచి చదివాడు. "అర్థం: తనకు తెలుసుననుకుని చూసుకోనివాడు. ఉదాహరణ: ఈ పుస్తకం రాసినవాడు."

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ వెంటనే పందిరి ఎగిరిపోయేలా చప్పట్లు. ఒకర్నొకరు మెచ్చుకోని పండితులు, పాపం, మొదటిసారి కలిసి ఒక పని చేశారు. సభాపతి తానే లేచి వచ్చి, ఇంకా ఆరని ఆ భుజాలమీద శాలువా కప్పాడు.

సాయంత్రం మళ్ళీ రేవుకొచ్చాం. భీమశంకరం శాలువా తీసి పైడన్నకి కప్పి, గడ తన చేతిలోకి తీసుకున్నాడు. నీళ్ళలోకి దిగి పొడిచాడు. ఆగాడు. మళ్ళీ పొడిచాడు.

"పొద్దున్న దాటిన ఏరే కదా బాబూ," అన్నాడు పైడన్న, నవ్వు మీసంలో దాచుకుని.

"అది పొద్దుటి ఏరు, అన్నా."

గురువుగారు చెప్పులు చేత పట్టుకుని, శిష్యుడి వెనకాల దిగారు.