తవుటికి కొన్న తాత

అనగనగా ఒక ఊళ్ళో, కొండకీ చోడిచేలకీ, అదే రాగిచేలకీ, మధ్య ఉన్న చిన్న ఊళ్ళో, తవిటినాయుడు అని ఒక తాత ఉండేవాడు. ఊఁ కొడుతున్నావా? ఊఁ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పనని ముందే అనుకున్నాం.

ఆ పేరెందుకొచ్చిందంటే, తాతకంటే ముందు వాళ్ళమ్మకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు ఈ తాత. వీడైనా దక్కుతాడా అని ఆ తల్లికి ఒకటే బెంగ. అప్పుడు పెద్దవాళ్ళు చెప్పినట్టు బిడ్డని చేటలో పడుకోబెట్టి, "ఈ పిల్లడు నాకొద్దు" అని పక్కింటి కొత్తకోడలు బోడెమ్మకి ఇచ్చేసింది. ఆ తర్వాత అదే చేటనిండా తవుడు పోసి, బోడెమ్మకిచ్చి, బిడ్డని కొని తెచ్చుకుంది. ఆవుకి పెట్టే తవుటికి అమ్ముడైన పిల్లాడు ఎవరికి కావాలి? చావు కూడా వాడిని చూసి ముఖం తిప్పుకుని పోతుందని వాళ్ళ నమ్మకం. బిడ్డ బతికాడు, తవిటినాయుడయ్యాడు.

ఆ తర్వాత పెద్దయి మిలట్రీలో చేరాడు. వెళ్ళేరోజు వాళ్ళమ్మ గుప్పెడు తవుడు గుడ్డలో మూటగట్టి జేబులో పెట్టింది. మంచుకొండల మీద యుద్ధం జరిగినప్పుడు తాత ఆ మూట తడుముకునేవాడట. గుప్పెడు తవుడు ఖరీదు చేసేవాడి మీద తూటా ఎవడు ఖర్చుపెడతాడులే అనుకుని నవ్వుకునేవాడట.

కానీ పక్కనే ఉన్న స్నేహితుడికి తూటా తగిలింది, మళ్ళీ లేవలేదు. అతనికి వాళ్ళమ్మ ఏ మూటా కట్టలేదు. అప్పుడు తాత తన మూట తీసి ఆ స్నేహితుడి జేబులో పెట్టి, దెబ్బ తిన్న కాలితో మంచులో కుంటుకుంటూ వచ్చేశాడు. కథలో ఈ ముక్క వచ్చినప్పుడు తాత చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయేది.

ఊరికొచ్చాక సేద్యంలో దిగాడు. చోడినారు నాటితే సాళ్ళన్నీ కవాతుకి నిలబడ్డట్టుండేవి. ఎద్దులకి కూడా హిందీ నేర్పాడు. 'చల్' అంటే నడిచేవి, 'రుక్' అంటే ఆగేవి, ఇంకెవరైనా తెలుగులో ఎంత గొంతు చించుకున్నా చెవులైనా కదిపేవి కావు. ఆ ఎద్దుల్ని ఎరువు తీసుకున్నవాడు ముందు తాత దగ్గర రెండు హిందీ ముక్కలు నేర్చుకుపోవాల్సిందే.

ఆ తాతకి దాలమ్మ అని మనవరాలు. నీ అంతే ఉండేది, నీలాగే మొండిది. తాత దాన్ని సుబేదారమ్మా అని పిలిచి, పొద్దున్నే సలాం కొట్టి, భుజాల మీద ఎక్కించుకుని పొలం తీసుకుపోయేవాడు. దానికి తాత దగ్గరే తిండి, తాత దగ్గరే నిద్ర. తవుడు కథ రోజూ చెప్పాల్సిందే.

ఒక వానాకాలం తాతకి జ్వరం పట్టుకుంది. ఆయాసం ఎక్కువైంది. పట్నం నుంచి డాక్టరొచ్చి సూదిమందిచ్చాడు, వైద్యం చేస్తున్నాం, చూద్దాం అన్నాడు. తాత గంజి కూడా ముట్టడం లేదు. దాలమ్మ వాళ్ళమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దాలమ్మ చూసింది.

అప్పుడు దానికి తోచింది. తాత దగ్గర తవుడు లేదు. ఉన్నదంతా ఆ స్నేహితుడికి ఇచ్చేశాడు.

అంతే, అటక మీది పాత చేట కిందికి లాగింది, పశువులశాలలోకి పోయి దాన్నిండా తవుడు పోసింది, నెత్తిన పెట్టుకుని పక్కింటికి నడిచింది. బోడెమ్మ అప్పటికి నడుం వంగిన ముసలమ్మ.

"మా తాతనమ్ముతావేటి?" అని అడిగింది దాలమ్మ.

"నాది కాందాన్ని నానెలగమ్మీదే? ముందు నాకొద్దని సెప్పి నాకియ్యాల. అప్పుడు కొనుక్కోవాల" అంది బోడెమ్మ. చేట తను పుచ్చుకుని, కర్ర పొడుచుకుంటూ తాత మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

దాలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. తాత వేలు పట్టుకుని మళ్ళీ తెరిచింది. రాలేదు. తవుడు మోయడం తేలికే గానీ, తాత నాకొద్దు అని అనడం ఎవరివల్ల అవుతుంది చెప్పు?

అప్పుడు తాత కళ్ళు తెరిచాడు. "సెప్పీ, సుబేదారమ్మా. మాయమ్మ కూడా ఏడుసుకుంటూనే సెప్పింది" అన్నాడు.

"సెప్పింది గానీ పిల్లడి సెయ్యొగ్గలేదు" అంది బోడెమ్మ.

దాలమ్మ కూడా వదల్లేదు. తాత వేలు గట్టిగా పట్టుకునే, కళ్ళు మూసుకుని, "ఈ తాత నాకొద్దు" అనేసింది.

"అయితే నాకే" అంది బోడెమ్మ. ఆ తర్వాత తాతని కిందికీ మీదికీ చూసింది. "పుట్టినప్పుడు సేటెడు తవుడు కరీదు సేసినాడు. ఇప్పుడు పళ్ళూడిపోనాయి, కాలు కుంటి. దోసెడు సాలు."

ఆ మాటకి దాలమ్మకి రోషం వచ్చింది. ఎంత చవకైతే అంత మంచిదన్న సంగతి మర్చిపోయింది. "మా తాత దోసెడా? సేటెడూ తీసుకో" అని చేట లాక్కుని మొత్తం బోడెమ్మ కాళ్ళ దగ్గర గుమ్మరించేసింది.

తాతకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, కొంచెం గంజి తెమ్మన్నాడు. అమ్మ గిన్నె తేవడానికి పరిగెత్తింది.

తాత లేచి తిరిగాడు. సూదిమందు పనిచేసిందని డాక్టరు, తవుడు పనిచేసిందని బోడెమ్మ. తాతనడిగితే, "నాను అమ్ముడుపోయిన సరుకుని. కొన్నదాన్నడగండి" అనేవాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళున్నాడు. దాలమ్మ పెళ్ళి చూశాడు, దాని కూతుర్ని భుజాల మీద మోశాడు. చివరికి ఒకరోజు వెళ్ళిపోయాడు. అప్పటికి అమ్మడానికి బోడెమ్మ లేదు. దాలమ్మ చాలా ఏడ్చింది. కానీ ఫలానా మనిషి నాకొద్దు అన్న మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ, ఎవరి గురించీ అనలేదు.

ఆ చేటా? మన అటక మీదుందే, నువ్వు బొమ్మల్ని పడుకోబెడతావే, అదే. ఎందుకలా చూస్తావ్? అమ్మమ్మలకి కూడా పేర్లుంటాయి తల్లీ. ఏదీ, నా వేలు పట్టుకుని కళ్ళు మూసుకో.

తవుడు ఆవుకి, చేట అటకకి,
తాత దాలికి, కునుకు నీ కంటికి,
కథ కంచికి, మనం దుప్పట్లోకి.