పల్లకీ కర్రలోంచి కారిపోయిన బలం

ఎక్కడని అడక్కండి, ఎప్పుడని అసలే అడక్కండి. కుందనగిరి అనే ఒకానొక రాజ్యాన్ని ప్రతాప మార్తాండ రాయలు ఏలుతుండేవాడు. ఆయనకు నూట ఎనిమిది బిరుదులు. సభ మొదలయ్యే ముందు వాటన్నిటినీ ఒక భట్టు వరసగా చదవాలి. ముప్పయ్యో బిరుదు దగ్గరికి వచ్చేసరికి రాయలవారికి ఆవలింత వచ్చేది. అరవయ్యో బిరుదుకి కళ్ళు మూతపడేవి. చివరి నలభై బిరుదుల్నీ ఆయన ఒక్కనాడూ మెలకువగా విన్నది లేదు.

నవ్వకండి. ఆయన అలసట దొంగ అలసట కాదు, నిజంగానే ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఉండమంటే ఎలా ఉంటుంది? పొద్దెక్కి జాము దాటాక లేచేవాడు. లేచింది మొదలు కాలు నేలకి తగిలేది కాదు. పడకటింటి నుంచి స్నానానికి పల్లకీ, స్నానం నుంచి భోజనానికి పల్లకీ, అక్కణ్ణుంచి సభకి పల్లకీ. ఊరంతా పడుకున్నాక నేతిలో మునిగిన వంటకాలతో విందు. ఆ కడుపుబరువుతోనే పడక. తెల్లారితే ఒళ్ళంతా ఎవరో కుమ్మినట్టు నొప్పులు.

ఆస్థాన వైద్యుడు ఒకసారి భయపడుతూనే చెప్పాడు. "ఏలినవారు రోజూ కాస్త నడిస్తే మంచిది."

"నేను నడిస్తే ఇక ఈ పల్లకీ దేనికి, ఈ సింహాసనం దేనికి?" అన్నాడు రాజు. వైద్యుడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఉద్యోగం ఉండాలి కదా పాపం.

అలాంటి సమయంలో విరూపాక్ష శాస్త్రి అనే పండితుడు ముందుకొచ్చాడు. ఈయనకి తెలియని శాస్త్రం లేదని ఈయనే చెప్పుకునేవాడు. సభ మధ్యలో నిలబడి ఉత్తరీయం సర్దుకుని, "మహాప్రభువుల బలం తరగలేదు, దొంగతనమైంది" అన్నాడు.

రాజు కళ్ళు తెరిచాడు. "ఎవరు దొంగిలించారు శాస్త్రిగారూ?"

"పల్లకీ మోసే ఈ ఎనిమిది మంది బోయీలు. వీళ్ళు పొద్దస్తమానం బరువు మోస్తారు, ఒక్కడికీ ఆవలింత లేదు. ఏలినవారు ఏ పనీ చెయ్యరు, అయినా అలసిపోతున్నారు. కారణం ఏమిటి? మీరు పైన, వాళ్ళు కింద, నడుమ కర్ర. నీళ్ళు పల్లానికి పారినట్టు మీ బలం కర్ర గుండా వాళ్ళ భుజాల్లోకి దిగిపోతోంది."

సభ నోరు వెళ్ళబెట్టింది. రాజుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తన తప్పేమీ లేదని చెప్పే మాట ఎవరికి చేదు? అక్కడికక్కడే ఆజ్ఞ అయిపోయింది. ఎనిమిది మంది బోయీలూ పెళ్ళాం బిడ్డలతో సహా మూడు రోజుల్లో రాజ్యం సరిహద్దు దాటాలి.

బోయీలకు పెద్ద పోలయ్య. వాళ్ళ తాత ఈ రాజుగారి తాతని మోశాడు. ఆజ్ఞ వినగానే పోలయ్య మనసు ఇంటి మీదికి పోయింది. కోడలికి నెలలు నిండుతున్నాయి. సరిహద్దు దాకా రాళ్ళ దారి, నడవాలంటే మూడు పగళ్ళు. ఆ పిల్ల ఏ చెట్టు కింద ప్రసవించాలి?

"దొరా, నగ దొంగిలిస్తే మూట విప్పి చూపిస్తాం. బలం దొంగిలించలేదని ఏం విప్పి చూపించమంటారు?" అని సాష్టాంగపడ్డాడు పోలయ్య. రాజు మొహం తిప్పుకున్నాడు.

సభలో సింగన అని ఒక ఉద్యోగి ఉన్నాడు. ప్రజలు పంపే విన్నపాలు చదివి రాజుకి వినిపించడం అతని పని. మనిషి బక్కపలచన, పొద్దున్నే లేవడం అంటే మహా బద్ధకం. ఇతర్ల కష్టం చదివీ చదివీ కాబోలు, మనసు మాత్రం మెత్తన. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారి తీర్పు మీద నాకు ఎదురు మాట లేదు. చిన్న సందేహం మాత్రం ఉంది. వీళ్ళు సరిహద్దు దాటితే వీళ్ళ ఒంట్లో ఉన్న ఏలినవారి బలం కూడా దాటిపోతుంది కదా? పక్క రాజుకి మనమే మోయించి పంపినట్టు అవుతుందేమో."

రాజు ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. చాన్నాళ్ళకి ఆయన వెన్ను అలా నిలబడింది.

"ముందు సొత్తు రాబట్టుకుందాం మహాప్రభూ. తరవాత దొంగల్ని పంపిద్దాం."

"ఎలా రాబడతాం?"

"వచ్చిన దారినే. బలం పైనుంచి కిందికి దిగుతుందని శాస్త్రిగారే సెలవిచ్చారు. కాబట్టి కర్ర బోయీల భుజాల మీద ఉండాలి, ఏలినవారి చెయ్యి కింద నుంచి కర్రని పట్టుకోవాలి. పట్టుకుని పక్కన నడవాలి. నలభై రోజులు నడిస్తే దిగిందంతా మళ్ళీ చేతిలోకి దిగుతుంది. అంతే కదండీ శాస్త్రిగారూ?"

శాస్త్రి ఇరుకున పడ్డాడు. కాదంటే తన సిద్ధాంతం కాదన్నట్టే. "అవును, అంతే" అన్నాడు.

"ఇంకో సంగతి. ఆ బలం ఇన్నాళ్ళూ బోయీల వేళలకి, బోయీల తిండికి అలవాటుపడింది. తిరిగొచ్చిన ఇంట్లో అవి దొరక్కపోతే నిలవదు. ఆ నలభై రోజులూ వాళ్ళు లేచే వేళకి లేచి, తినే వేళకి తిని, పడుకునే వేళకి పడుకోవాలి. పల్లకీ ఖాళీగా తిప్పకూడదు కనక అందులో శాస్త్రిగారు కూర్చుంటారు. ఏలినవారి విందు కూడా వారే ఆరగిస్తారు. రాజభోగం ఆగితే అరిష్టం కదా."

ఈసారి శాస్త్రి కాదనలేదు. పల్లకీ, విందు రెండూ వస్తుంటే ఎవరు కాదంటారు? బోయీల ప్రయాణానికి నలభై రోజుల గడువు వచ్చింది.

మర్నాడు కోడి కూయగానే రాజుని లేపారు. ఆయన లేపిన వాళ్ళని తిట్టాడు, చన్నీళ్ళని తిట్టాడు, చివరికి సూర్యుణ్ణి కూడా తిట్టాడు. బోయీలు ఇచ్చిన ముంతెడు మంచినీళ్ళు తాగి, పల్లకీ కర్ర పట్టుకుని కోటగుమ్మం దాటాడు. నూరడుగులకే కూలబడ్డాడు. పోలయ్య పల్లకీ దింపించి, రాగి అంబలిలో మజ్జిగ పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి ఇచ్చాడు. రాజు మొహం చిట్లించుకునే తాగాడు. తాగాక ముంత వంచి అడుగున ఇంకేమైనా ఉందా అని చూశాడు.

మొదటి వారం రోజుకో నరకం. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పొద్దుగూకగానే రెండు ముద్దలు తిని పడుకోమంటే నిద్ర పట్టేది కాదు. రెండో వారంలో పట్టింది. ఎలాంటి నిద్ర అంటే, కల కూడా రాని నిద్ర.

నడిచేటప్పుడు రాజు ఒక వింత గమనించాడు. దారిలో ప్రతి రెండు వందల అడుగులకీ పోలయ్య చిన్నగా కూతపెట్టేవాడు. ఎనిమిది మందీ ఒక్కసారిగా కర్రని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకునేవాళ్ళు.

"అప్పుడే నొప్పి పుట్టిందా పోలయ్యా?" అన్నాడు రాజు.

"పుట్టలేదు దొరా. పుట్టాక మారిస్తే ఏం లాభం? రెండో భుజం కూడా ఆ నొప్పినే మోస్తది. పుట్టకముందే మార్చాల. అలిసిపోయి కూచుంటే లేవబుద్ధి కాదు, అలిసేలోగా కూచుంటే లేచిపోవచ్చు. మా అయ్య నేర్పిన పని ఇది."

రాజు నడుస్తూనే తన భుజం తడిమి చూసుకున్నాడు. తను ఇన్నేళ్ళూ ఒకే భుజం మీద మోసినట్టు అనిపించింది. కూర్చుంటే కూర్చునే ఉండడం, తింటే తింటూనే ఉండడం. ఆనాటి నుంచి సభలో పది విన్నపాలు వినగానే లేచి ఆ చివరి కిటికీ దాకా వెళ్ళి వచ్చేవాడు. పదకొండో విన్నపం ఆయన చెవికెక్కడం మొదలైంది. నూట ఎనిమిది బిరుదుల్ని మూడుకి తగ్గించమన్నాడు. భట్టు కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

బోయీలకి ఇంకో అలవాటు ఉంది. వెనక వాళ్ళకి దారి కనపడదు కదా, అందుకని ముందువాడు పాటలోనే చెబుతాడు, ఇదిగో గుంట, అదిగో ముల్లు, పక్కకి ఎద్దు అని. ఇరవై ఆరో రోజు ఆ పాటలో గుంటకీ ముల్లుకీ నడుమ కొత్త కబురు వచ్చింది. పోలయ్య ఇంట మగపిల్లాడు, మెల్లగా అడుగెయ్యండి.

రాజు పోలయ్య వైపు చూశాడు. అతని మొహంలో సంతోషం ఉంది, దాని వెనకే దిగులూ ఉంది. నలభై రోజుల్లో ఇంకా పద్నాలుగే మిగిలాయి. రాజు కర్ర ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

నలభయ్యో రోజు వచ్చింది. రాజు కోటమెట్లు ఎక్కి సభకి వచ్చాడు. మొహంలో కళ, నడకలో చురుకు. "నా బలం నాకు తిరిగొచ్చింది" అన్నాడు. తరవాత ఆగాడు. ఇచ్చిన మాట రాజుకి ఉరి లాంటిది. గొంతు తగ్గించి, "ఇక ఆజ్ఞ ప్రకారం బోయీలు..." అన్నాడు.

పోలయ్య కళ్ళు మూసుకున్నాడు.

సింగన లేచాడు. "ఒక్క క్షణం మహాప్రభూ. సొత్తు పూర్తిగా వచ్చిందో లేదో చూడొద్దూ? ఏలినవారికి ఎంత వచ్చిందో వీళ్ళకి అంత పోయి ఉండాలి. పీల్చేసిన చెరకులా ఉండాలి వీళ్ళు. ఒకసారి పల్లకీ ఎత్తించి చూద్దాం."

రాజూ శాస్త్రీ ఇద్దరూ పల్లకీ ఎక్కారు. నలభై రోజుల విందులతో శాస్త్రి ఒక్కడే ఇద్దరి పెట్టు అయ్యాడు. అయినా బోయీలు ఎత్తారు, పాట అందుకున్నారు, కోటకున్న నూట ఇరవై మెట్లూ దిగి, మళ్ళీ ఎక్కి, పల్లకీని సభలో పువ్వులా దించారు. ఒక్కడికీ ఆయాసం లేదు.

రాజు పల్లకీ దిగి వాళ్ళ భుజాలు చూస్తూ నిలబడ్డాడు.

"సింగనా, వీళ్ళ బలం ఇసుమంత తగ్గలేదు. మరి నాకొచ్చిన బలం ఎవరిది?"

"అది ఏలినవారిదే. కర్రలో లేదు, నడిచిన దారిలో ఉంది. తాగిన అంబలిలో ఉంది, పొద్దుగూకితే పట్టిన నిద్రలో ఉంది. ఇన్నాళ్ళూ ఏలినవారు పల్లకీలో ఉండి దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయారు."

రాజు శాస్త్రి వైపు తిరిగాడు. శాస్త్రి ఇంకా పల్లకీలోనే ఉన్నాడు, కళ్ళు వాలిపోతున్నాయి.

"శాస్త్రిగారూ, మీకేమైంది?"

శాస్త్రి పెద్దగా ఆవలించాడు. పాపం, మొదటిసారి శాస్త్రం పక్కనపెట్టి మాట్లాడాడు. "ఒంట్లో బొత్తిగా సత్తువ లేదు మహాప్రభూ. ఎవరూ దొంగిలించలేదు, కూర్చున్న చోటే పోయింది. నన్ను దింపించండి, ఇంటికి నడిచే పోతాను."

రాజు సింగన వైపు చూశాడు. "అంటే నలభై రోజులు అబద్ధం చెప్పి నన్ను నడిపించావన్నమాట."

"అబద్ధం నాది కాదు మహాప్రభూ, శాస్త్రిగారిది. అది కదలకుండా కూర్చుని ఉంటే, ఏలినవారి కాళ్ళు ఇచ్చి నడిపించాను."

రాజు మీసం వణికింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆజ్ఞ అక్కడే రద్దు చేశాడు. సింగన చేతికి తన కంకణం తొడిగి, "రేపట్నుంచి కోడి కూయగానే నువ్వూ నాతో నడవాలి" అన్నాడు. కంకణానికి వెలిగిన సింగన మొహం రెండో మాటకి చిన్నబోయింది.

ఆ సాయంత్రం రాజు పల్లకీ లేకుండా, సింగనని వెంటబెట్టుకుని పోలయ్య గుడిసెకి నడిచి వెళ్ళాడు. ఇంట్లో వాళ్ళు కంగారుపడి లేచారు. రాజు నేలమీదే కూర్చుని చేతులు చాపాడు. పోలయ్య మనవణ్ణి భయంభయంగా ఆ చేతుల్లో పెట్టాడు.

పుట్టి బుద్ధెరిగాక రాజు ఇంకో మనిషిని మోయడం అదే మొదలు. కాసేపు ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు. తరవాత మెల్లగా అన్నాడు.

"మూడు తరాలుగా మీరు మమ్మల్ని మోశారు. నేను నిన్ను దొంగ అన్నాను పోలయ్యా. తప్పు నాది."

పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు చూడలేక రాజే నవ్వు తెచ్చుకుని గుమ్మంలో ఉన్న సింగనని అడిగాడు. "శాస్త్రిగారి లెక్కన ఇప్పుడు వీడి బలం నా చేతుల్లోకి దిగిపోవాలి. దిగుతోందంటావా?"

సమాధానం పిల్లవాడే చెప్పాడు. గుప్పెడంత కాలు గాల్లోకి లేపి ప్రతాప మార్తాండ రాయల గుండెల మీద ఒక్క తాపు తన్నాడు.