నక్క వేయించుకున్న మట్టి ముద్ర

తుమ్మలకోన అడవిలో నక్క, ముంగిస, ముళ్లపంది, ఉడుము, కుందేళ్లు ఉండేవి. ఆ అడవిలో బొరియలు చేతులు మారడానికి ఒక పద్ధతి ఉంది. బేరం కుదిర్చే జంతువూ, సొంతదారూ కలిసి వాకిట్లో తడి మట్టి మీద పాదముద్రలు వేస్తారు. వానకు ఆ ముద్రలు చెరిగేదాకా సొంతదారు బొరియను ఇంకెవరి ద్వారానూ ఇవ్వకూడదు. ఆలోగా తీసుకునేవారిని తేవలసింది కుదిర్చే జంతువే. బేరం కుదిరితే బొరియలో ఒక గది దాని వంతు.

ముళ్లపంది అవ్వకు గుట్ట మీద మంచి బొరియ ఉంది. వాగు అవతల ఆమె కూతురు నిండు చూలాలు. బొరియ ఇచ్చేసి, బదులుగా దుంపలు తీసుకుని, పురుడు పోయడానికి వెళ్లి అక్కడే ఉండిపోదామని అవ్వ ఆశ. వాగు పొంగితే దాటడం కుదరదు.

"నేను చూసుకుంటాను అవ్వా," అని నక్క ముద్ర వేయించుకుంది. ఇక అడవంతా తిరిగి గొప్పలు చెప్పుకుంది.

"లోపలికి వెళ్లి చూశావా నక్కన్నా? ఎవరికి కావాలో అడిగావా?" అంది ముంగిస.

"ముద్ర పడింది, పని అయిపోయింది. కావలసినవాళ్లే వెతుక్కుంటూ వస్తారు."

"ఎవరైనా వచ్చారా నాయనా?" అని అవ్వ రోజూ అడిగేది. నక్క ఆవులించి, "వస్తారులే," అనేది. పాపం, అవ్వ నమ్మింది.

తొలివాన కురిసి వెలిసింది. ముద్రలు చెరిగిపోయాయి. వాగులో నీళ్లు పెరగసాగాయి. అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడు ముంగిస వచ్చి అవ్వతో కొత్త ముద్రలు వేయించింది. వెంటనే బొరియలోకి దూరింది. వెనక గదిలో ఉడుము పడుకుని ఉంది.

"ఉండమని నేనే అన్నాను, ఆ మాటే మరిచిపోయాను," అంది అవ్వ.

ముంగిస ఉడుముకు ఒక చెట్టు తొర్ర చూపించి గది ఖాళీ చేయించింది. తర్వాత వాగు ఒడ్డున ఉండే కుందేలు దగ్గరికి పరుగెత్తింది. ఏటా వానలకు దాని పొద మునుగుతుంది. కుందేలు వచ్చి బొరియంతా చూసుకుని, దాచుకున్న దుంపలన్నీ ఇచ్చింది. దాని ఇంటి కుందేళ్లే వాటిని మోసి అవ్వను వాగు దాటించాయి. ఉడుము ఖాళీ చేసిన గది ముంగిస వంతుకు వచ్చింది.

మళ్లీ వాన మొదలైంది. నక్క తడుస్తూ వచ్చి, "నా వంతు ఏది?" అంది.

"నీ ముద్ర చూపించు నక్కన్నా," అంది ముంగిస.

నక్క వాకిట్లోకి చూసింది. అక్కడ వాన నీళ్లు పారుతున్నాయి.

నీతి: ఒప్పందం కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు, గడువులోగా కష్టపడినవారికే ఫలితం దక్కుతుంది.