పడటం నేర్పిన వస్తాదు

అనగనగా అనగానే ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి, లేకపోతే కథకు కాళ్లు రావు. కొట్టారా ఊఁ? అయితే అనగనగా పొగడదుర్గం అని ఒక రాజ్యం. దానికి మల్లభూపాలుడు రాజు. ఆయనకు లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఇందుశేఖరుడు.

ఆ బిడ్డను రాజు కాలు కింద పెట్టనివ్వకుండా పెంచాడు. అయినా పిల్లలన్నాక నడవకుండా ఉంటారా, నడిచాక పడకుండా ఉంటారా? మొదటిసారి రాకుమారుడు తప్పటడుగు వేసి చతికిలబడినప్పుడు పక్కనున్న దాది ముద్దొచ్చి నవ్వింది. ఆ నవ్వు రాజుకు ముల్లులా గుచ్చుకుంది. వెంటనే చాటింపు వేయించాడు.

"ఇకమీదట రాకుమారుడు పడితే అక్కడున్నవాళ్లందరూ పడవలెను. నిలబడి చూసినవాడికి శిక్ష తప్పదు."

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? ఆ రోజు నుంచి రాకుమారుడు గడప తట్టుకుంటే చాలు, గొడుగు పట్టేవాడు పడేవాడు, వింజామర వీచే దాసి పడేది, మంత్రిగారు నడుము పట్టుకుని నెమ్మదిగా పడేవారు. వంటవాడు పాయసం గిన్నెతో సహా పడేవాడు. అందరూ నేలమీదే ఉన్నారు కాబట్టి ఎవరూ నవ్వలేదు. రాజుకు మహా సంతోషమైంది.

పిల్లవాడు మాత్రం బెదిరిపోయాడు. తను పడితే ఇంతమంది కూలిపోతున్నారంటే పడటమనేది ఎంత ఘోరమో అనుకున్నాడు. పరుగెత్తడం మానేశాడు. మెట్లు దిగడం మానేశాడు. పదకొండేళ్లు వచ్చేసరికి గోడ పట్టుకుని నడవసాగాడు.

పొగడదుర్గానికీ పొరుగున ఉన్న రేవలకోటకూ పూర్వం నుంచి ఒక ఆచారం ఉంది. రాకుమారులకు పన్నెండో ఏడు రాగానే, విజయదశమి నాడు ఇద్దరూ మెత్తటి మట్టి పోసిన గోదాలో దిగి కుస్తీ పట్టాలి. ఎవరి వీపు మట్టికి ఆనితే వాళ్లు ఓడినట్టు. ఆ ఏడు దగ్గరపడింది. రేవలకోట రాకుమారుడు వీరబాహు చూస్తే ఇందుశేఖరుడి కన్నా జానెడు పొడుగు.

రాజు వస్తాదులను పిలిపించాడు. మొదట వచ్చిన వస్తాదు, రాకుమారుడు వేలితో తాకగానే భటులు దభీమని పడేట్టు ఏర్పాటు చేసి, "ఆహా, భీముడి బలం" అన్నాడు. రెండో వస్తాదు గోదా నిండా మోకాలి లోతున పరుపులు పరిపించాడు. రాకుమారుడు అందులో దిగబడ్డాడే గాని కదలలేకపోయాడు. ఇద్దరూ నేర్పింది నేల విడిచిన సామే.

మూడో వస్తాదు ఓబులేసు. కోట వెనక వీధిలో సాముగరిడీ నడిపేవాడు. ముక్కు వంకర, మాట సూటి. ఆడా మగా అని లేకుండా ఆ వీధి పిల్లలందరూ అతని దగ్గర కుస్తీ నేర్చుకునేవారు. ఎవరికైనా సరే, పట్టు నేర్పేముందు పడటం నేర్పడం ఆ గరిడీ పద్ధతి.

ఓబులేసు వస్తూనే గోదాలో తనే పడి, భుజం మీదుగా దొర్లి, లేచి నిలబడ్డాడు. "ఇదీ మొదటి పాఠం. నువ్వు కూడా పడు చిన్నదొరా," అన్నాడు.

ఆ మాటకే పిల్లవాడు బెదిరి వెనక్కి అడుగేశాడు. ఆ కంగారులో కాలు జారి పడనే పడ్డాడు. గొడుగువాడు పడ్డాడు, భటులు పడ్డారు, మంత్రిగారు నిట్టూర్చి పడ్డారు. ఓబులేసు మాత్రం గబగబా వెళ్లి పిల్లవాడిని లేవనెత్తి, ఒంటికంటిన మట్టి దులిపాడు.

రాజు కళ్లెర్రజేశాడు. "మా ఆజ్ఞ ఎరగవా? నువ్వెందుకు పడలేదు?"

"అందరమూ పడితే లేపేదెవరు ప్రభూ?"

జవాబు తోచనప్పుడు పెద్దవాళ్లకు వచ్చేది కోపమే కదా. "విజయదశమి దాకా నీకు గడువు. ఆ రోజు మా బిడ్డ వీపు మట్టికి ఆనిందా, నువ్వు ఈ రాజ్యం విడిచిపోవాలి," అన్నాడు.

ఓబులేసుకు ఆ వీధి తప్ప వేరే ఊరు తెలియదు. ఇదేదో కత్తి మీద సాములా ఉంది, దండం పెట్టి తప్పుకుందాం అనుకున్నాడు. కాని ఇందాక లేవనెత్తినప్పుడు ఆ పిల్లవాడి గుండె పిచ్చుక గుండెలా కొట్టుకోవడం అతని చేతికి తెలిసింది. అది తెలిశాక వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

"చిత్తం ప్రభూ. నా గరిడీలో మాత్రం చిన్నదొరతో పాటు ఎవరూ పడకూడదు," అన్నాడు. రాజు అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. "పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించు నాయనా, తల క్షేమంగా ఉంటుంది. అరచేత్తో మట్టిని చరిచి ఊపిరి వదిలెయ్యి, దెబ్బ వెన్నుకు పోదు. ఆపైన గుమ్మడికాయకు ఎవరు నేర్పారు దొర్లడం? నువ్వూ అంతే," అనేవాడు ఓబులేసు.

ఇందుశేఖరుడు మొదట కూర్చుని పడ్డాడు. కొన్నాళ్లకు గొంతుక్కూర్చుని పడ్డాడు. ఆ తర్వాత నిలబడి పడ్డాడు. పడ్డాడు, దొర్లాడు, లేచాడు. చుట్టూ చూస్తే ఎవరూ కూలిపోలేదు. కిసుక్కున నవ్వాడు. ఓబులేసు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుని, మట్టి పడిందన్నాడు.

ఇక పట్లు మొదలయ్యాయి. జోడీగా కుమ్మరివాళ్ల పిల్ల ఈరమ్మ దిగింది. ఒకనాడు ఇందుశేఖరుడు ఆమెను ఒడుపుగా ఎత్తి పడేశాడు. ఆ సంబరంలో మధ్యలోనే చెయ్యి వదిలి గంతేశాడు. పట్టు తప్పిన ఈరమ్మ వెల్లకిలా పడి ఊపిరాడక గిలగిల్లాడింది.

ఓబులేసు కోపం అప్పుడు చూడాలి. "పడేసేటప్పుడు ఎదుటి మనిషి మణికట్టు నీ చేతిలో ఉండాలి. నేలకు చేరేదాకా వదలకూడదు. అంతసేపూ ఆ తలకు నువ్వే పూచీ. అది చేతకాకపోతే పట్టు జోలికి రావద్దు, పోయి బొంగరం ఆడుకో."

రాకుమారుడు ఏడుపుమొహంతో ఈరమ్మ పక్కన కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా?"

"ఉండదా మరి? రేపు నా వంతు. నేను మాత్రం చెయ్యి వదలను," అంది ఈరమ్మ. అన్నట్టే మర్నాడు పడేసింది, వదలలేదు.

విజయదశమి వచ్చింది. రెండు రాజ్యాల జనం గోదా చుట్టూ కిక్కిరిశారు. వీరబాహు వస్తూనే ఇందుశేఖరుడిని ఎత్తి విసిరాడు. అలవాటు కొద్దీ పొగడదుర్గం కొలువంతా కింద పడింది. రేవలకోట వాళ్లు మంత్రిగారిని చూసి, "పాపం, ఈయన్నెవరు కొట్టారు?" అని అడిగారు. అంతలో ఇందుశేఖరుడు భుజం మీదుగా దొర్లి లేచాడు. వీపు మట్టికి ఆనలేదు. వీరబాహు మళ్లీ విసిరాడు. మళ్లీ దొర్లి లేచాడు.

మూడోసారి పట్టు ఇందుశేఖరుడికి చిక్కింది. వీరబాహును నడుము మీదికి ఎత్తి తిప్పాడు. వీరబాహు ఎప్పుడూ గెలవడమే నేర్చుకున్నాడు, పడటం నేర్చుకోలేదు. గాల్లో కర్రలా బిగుసుకుపోయాడు. తల నేరుగా గోదా అంచునున్న రాతి గట్టు మీదికి పోతోంది. అది ఓబులేసు చూశాడు, ఇందుశేఖరుడూ చూశాడు. చెయ్యి వదిలేస్తే గెలుపు. ఓబులేసు ఊళ్లోనే ఉంటాడు.

ఇందుశేఖరుడు చెయ్యి వదలలేదు. బలమంతా పెట్టి వీరబాహును తన మీదికి లాగాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు. వీరబాహు పైన, ఇందుశేఖరుడు కింద. వీపు మట్టికి ఆనింది.

రేవలకోట రాజు పరుగున వచ్చి కొడుకు తల తడిమి చూసి, పిల్లలిద్దరినీ వాటేసుకుని ఏడ్చాడు. మల్లభూపాలుడూ లేచాడు గాని, ఆడిన మాట కాళ్లకు అడ్డం పడింది. వెళ్లమని రాజు చేత చెప్పించుకోదలచలేదు ఓబులేసు. రాకుమారుడి బుగ్గ నిమిరి, "బాగా పట్టుకున్నావు నాయనా," అని తుండుగుడ్డ భుజాన వేసుకుని బయల్దేరాడు.

కోట వాకిలి దాటబోతుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

"వస్తాదుగారూ, ఆగండి."

ఓబులేసు వెనక్కి తిరిగాడు. రాకుమారుడు పరుగెత్తుకొస్తున్నాడు. పట్టుకోవడానికి పక్కన గోడ కూడా లేదు. దారిలో రాయి తగిలి బోర్లా పడబోయి, దొర్లి లేచి, పడ్డ సంగతే ఎరగనట్టు మళ్లీ పరుగెత్తాడు. వెనక వస్తున్న కొలువువాళ్లు పడదామని మోకాళ్లు వంచేలోగా వచ్చి ఓబులేసు నడుము చుట్టేశాడు. ఓబులేసుకు ఇక మట్టి పడిందని చెప్పే ఓపిక లేకపోయింది. బాహాటంగానే ఏడ్చాడు.

రాజు రొప్పుతూ వచ్చాడు. కొడుకు పరుగెత్తగా చూసి ఆయనకు ఏళ్లు గడిచాయి.

"ఓబులేసూ, ఆడిన మాట వెనక్కి తీసుకుంటే రాజుకు అంతకన్నా పడిపోవడం ఏముంది?" అన్నాడు.

"ఏమీ లేదు ప్రభూ."

"అయితే ఇవాళ నేనూ పడుతున్నాను. నువ్వు వెళ్లవద్దు," అని మల్లభూపాలుడు తలవంచాడు. ఓబులేసు చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

బిడ్డను పడనీయకుండా కాచేవాళ్ల కన్నా పడి లేవడం నేర్పేవాళ్లే బిడ్డకు నిజమైన ఆప్తులు.