బండిగురివింద కింద మేత

ఎండలు ముదిరాయి. కొండవాలులో బండిగురివింద చెట్టు ఆకంతా రాల్చేసి మోడులా నిలబడింది. కాయలు మాత్రం పగిలి, మెలికలు తిరిగి, ఎర్రటి గింజల్ని కిందికి రాలుస్తున్నాయి. నున్నగా నిగనిగలాడుతుంటాయవి. ఆకలిమీదున్నవాళ్లు చూస్తే ఆగలేరు.

పురుగూ పుట్రా దొరకని ఆ రోజుల్లో ఒక అడవికోడి నాలుగు పిల్లల్ని వెంటేసుకుని పొదల్లో మేత వెతుకుతోంది. నక్క ఎదురైంది.

"ఏం చెల్లెమ్మా, పిల్లలు ఇంతలా చిక్కిపోయారు?"

"దూరంగా ఉండే మాట్లాడన్నా. మేతెక్కడుంది?"

"కళ్లెదుట పెట్టుకుని అడుగుతావేం? బండిగురివింద కింద గింజలు కుప్పలుగా పడున్నాయి. నేనెలాగూ తినను."

"రాళ్లలా ఉన్నాయి కదన్నా?"

"రాళ్లు మింగి మరీ మేత అరిగించుకునే జాతి మీది. మీ కందనకాయకి ఇవో లెక్కా?"

ఆ మాటకి కోడి పొంగిపోయింది. కందనకాయని పొగిడితే ఏ కోడైనా పొంగుతుంది, అది నక్కకి తెలుసు. కోడి పొదల చాటు వదిలేసి, నీడే లేని ఆ చెట్టు కిందికి పిల్లల్ని తోలుకెళ్లింది.

మూడు రోజులు తిన్నారు. కడుపులు బరువుగానే ఉన్నాయి, పిల్లల కాళ్లలో సత్తువ లేదు. మింగిన గింజలు మింగినట్టే రెట్టలో పడుతున్నాయి. మూడోనాటి సాయంత్రం చిన్నపిల్ల తల వాల్చేసింది. తల్లి ముక్కుతో కదిపి కదిపి చూసి, గొల్లుమంది.

ఆ ఏడుపుకి చెట్టు మొదట్లో ఉన్న బొరియలోంచి ముసలి ముళ్లపంది బయటికొచ్చింది.

"ఎంత పని చేశావే తల్లీ! ఆ గింజ తొక్క వానల్లో నానినా మెత్తబడదు. మొలకెత్తడానికే ఏళ్లు పడుతుంది, మీ పొట్టలో ఎలా అరుగుతుంది? పగిలిందా, లోపలి పచ్చిపప్పు విషం. ఎవరు తినమన్నారు?"

"నక్కన్న."

"వాడికి కావలసింది మీ కడుపు నిండటం కాదు. పరిగెత్తలేని పిల్లలు."

అంతలో రాలిన ఎండుకాయలు పటపటమన్నాయి. నక్క వస్తోంది.

"తాతా, వీళ్లని నీ బొరియలో దాచు!" అంటూ కోడి ఒక రెక్క నేలకీడుస్తూ, విరిగినట్టు నటిస్తూ నక్క ముందుకి పోయింది. పెద్ద ముద్దే దొరికిందనుకుని నక్క వెంటపడింది. అందీ అందకుండా వాగు దాకా లాక్కెళ్లి, కోడి ఒక్కసారిగా ఎగిరి అవతలి గట్టున వాలింది.

నక్క పళ్లు కొరుక్కుంటూ వెనక్కి పరిగెత్తి, పిల్లల వాసన పట్టి బొరియలో మూతి పెట్టింది. అక్కడ ముళ్లపంది వీపు అడ్డంగా ఉంది.

మూతినిండా ముళ్లతో నక్క అరుచుకుంటూ పోయింది. చాలా రోజులు అది దేన్నీ కొరకలేకపోయింది. ఆ సంగతి విని అడవంతా నవ్వింది గానీ కోడి నవ్వలేదు. ముగ్గుర్ని బతికించుకుంది. నాలుగోదానికి ఆ గింజని అందించింది తన ముక్కే.

పిల్లల నోటికి అందించే ముందు మేత రంగు చూస్తే చాలదు, దాన్ని చూపించినవాడి ఆకలి దేనికో చూడాలి.