బొంత ఎవరు చదివించారు

సుందరరామయ్య మాస్టారిని ప్రశ్న అడిగిన వాడికి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. అందువల్ల మా తెలుగు శాఖలో జ్ఞానదాహం ఉన్న విద్యార్థులు సైతం ఆయన ఎదురుపడితే దాహం అణచుకుని పక్క గదిలోకి తప్పుకునేవారు. ఆయన పక్క బల్ల దగ్గర ఇన్నేళ్లు ఉద్యోగం చేసిన నేను కూడా మరీ అవసరమైతే తప్ప ఏమీ అడిగేవాణ్ణి కాను. ఎం.ఏ. రెండో సంవత్సరం చదివే తిరుమలేశుకు ఆ జాగ్రత్త తెలియలేదు.

తిరుమలేశు నాట్ల పాటల మీద పరిశోధన పత్రం రాశాడు. అది సెమినారు సంపుటిలో అచ్చు కావాలంటే మాస్టారు సంతకం పెట్టాలి, సోమవారం ఆఖరు గడువు. కుర్రాడి వచనం చక్కగా ఉంటుంది, ఆ సంగతి కుర్రాడికి కూడా తెలుసు. మాస్టారు మాత్రం పత్రాన్ని చివరి నుంచి చదవడం మొదలుపెట్టారు. ముందు ఆధార గ్రంథాల పట్టిక, తరువాత పేజీల అడుగున ఉండే వివరణలు, ఓపిక మిగిలితే వ్యాసం, ఇదీ ఆయన పద్ధతి. పట్టికలో ఒకరి ఇంటిపేరు ముందుంది, ఇంకొకరిది వెనకుంది. ఒక పుస్తకానికి సంవత్సరం లేదు, మరొకదానికి అచ్చయిన ఊరు లేదు. వ్యాసం మొత్తానికి ఆయువుపట్టు ఒక పాట. దాని కింద ‘జానపద గీతం’ అని మాత్రం రాసి వదిలేశాడు. ఇదెక్కడిదని మాస్టారు అడిగారు. సుహాసిని అనే ఆవిడ ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసంలో దొరికిందనీ, ఆవిడ ఎవరో కూలి మనిషి పాడగా విని రాసుకుందనీ, ఆ పాడిన మనిషి పేరు కూడా అందులో ఎక్కడో ఉందనీ తిరుమలేశు చెప్పాడు. జానపద గీతమంటే అందరిదీ కదా, మళ్లీ పేర్లెందుకని అతని ఉద్దేశం. అక్కడితో ఆగినా బాగుండేది.

“మాస్టారూ, చెప్పిన విషయం నిజమైతే చాలదా? ఇంటిపేరు ముందా వెనకా, కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ఈ తతంగమంతా ఎవరి కోసం?”

మాస్టారు కాగితాలు సర్ది అతని చేతిలో పెట్టారు. ఆదివారం తన తమ్ముడి కూతురు మృదుల పెళ్లి ఉందని, ఎప్పుడూ తమ ఇళ్ల పెళ్లిళ్లలో చదివింపులు చదివే బుల్లెబ్బాయిగారికి ఈసారి గొంతు పోయిందని, తిరుమలేశు గొంతు బాగుంటుంది కనక వచ్చి ఆ మైకు పట్టుకోమని చెప్పారు. ప్రశ్న సంగతి మరిచిపోయినట్టే కనిపించారు. నేను మాత్రం కుర్రాడి వైపు జాలిగా చూశాను.

మా వైపు పెళ్లిళ్లలో చదివింపులకు ఒక వరస ఉంది. తెచ్చిన వస్తువును నలుగురికీ కనబడేలా పైకెత్తి, ఇచ్చినవారి ఇంటిపేరు, పేరు, ఊరు, పెళ్లివారికి ఏమవుతారు, ఏం చదివించారు అన్నవన్నీ మైకులో చెప్పాలి. ఆ తరువాతే వాళ్లు తృప్తిగా పంక్తిలో కూర్చుంటారు. పేరు చదవకపోతే ఆ మనిషి విస్తరి ముందు కూర్చోడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు, ఇక ఆ గడప తొక్కడు. ఇది చాదస్తమే, నేను కాదనను. కానీ ఈ చాదస్తం వల్ల విడిపోయిన అన్నదమ్ములు నాకు తెలుసు కాబట్టి దాన్ని చూసి నవ్వను.

మృదుల తల్లి లేని పిల్ల. తల్లి సుభద్ర ఆ పిల్లకు మాటలు సరిగా రాకముందే జబ్బుచేసి పోయింది. ఆవపువ్వు రంగు చీరలో ఉన్న ఆవిడ ఫోటోకు దండవేసి పెళ్లి పందిట్లో ఒక కుర్చీలో పెట్టారు. ఆ పిల్లకు తల్లి అంటే ఆ ఫోటోయే. తండ్రి ముందే డబ్బు కవర్లు వద్దని అందరికీ చెప్పడంతో చుట్టాలు బిందెలు, కుందులు, చీరలు పట్టుకొచ్చారు. తిరుమలేశు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మైకు ముందు నిలబడ్డాడు. మొదట్లో బ్రహ్మాండంగా చదివాడు. తన గొంతు పందిరంతా మోగుతుంటే వినడం అతనికి ముచ్చటగా ఉన్నట్టుంది. కానీ వరస తరగలేదు, ఎండ ముదిరింది, రెండో పంక్తికి విస్తళ్లు వేశారు. ఒక్కొక్కరూ తమ ఇంటిపేరు, ఊరు, చుట్టరికం విడమర్చి చెబుతుంటే కుర్రాడికి విసుగొచ్చింది. వస్తువు చేరితే చాలు కదా అనుకున్నాడు కాబోలు, అందరినీ తెచ్చినవి పక్కన పెట్టేయమన్నాడు. కుప్ప కాస్త పెరిగాక, ఇత్తడి బిందెలు మూడు, దీపపు కుందులు రెండు, బొంత ఒకటి, బంధుమిత్రులు చదివించారు అని ఒక్క ఊపులో ముగించాడు.

బిందె తెచ్చిన ఒక పెద్దాయన తీరిగ్గా వచ్చి, మా బిందె బంధుమిత్రులది ఎప్పుడైంది బాబూ అని అడిగాడు. మిగతావాళ్లు కూడా లేచారు. తిరుమలేశు చెమటలు తుడుచుకుంటూ అందరి పేర్లూ మళ్లీ అడిగి, వరస తప్పకుండా చదివాడు. నవ్వులాటలతో ఆ గొడవ సర్దుకుంది. చివరికి బొంత మిగిలింది. దాని పక్కన ఎవరూ నిలబడలేదు. ఎవరిదని మైకులో అడిగితే, వెనక బల్ల నుంచి ఒకావిడ, అది తెచ్చిన మనిషి ఇందాకే బస్టాపు వైపు వెళ్లిందని, భోజనం కూడా చేసినట్టు లేదని చెప్పింది. ముందు వరసలో కూర్చున్న మాస్టారు తిరుమలేశు వైపు తిరిగారు. “వెళ్లి కనుక్కురా,” అన్నారు.

తిరుమలేశును నా స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లాను. బస్టాపు రేకుల కింద ఒక పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కోగంటి ఆదిలక్ష్మి, ఊరు తుమ్మలపల్లి. చిన్నప్పుడు సుభద్రా ఆవిడా ఒకే బళ్లో చదువుకున్నారట. తిరుమలేశు తప్పయిపోయిందని, వచ్చి భోజనం చెయ్యమని, ఆవిడ పేరు అందరికంటే ముందు చదువుతానని గడగడా చెప్పాడు. ఆవిడ కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండునని నాకు అనిపించింది.

“నా పేరు కోసం కాదు బాబూ. ఆ బొంతలో ఉన్నవి సుభద్ర చీరలు. జబ్బులో ఉండగా నా చేతికిచ్చి, నా పిల్ల పెళ్లికి ఏదో ఒకటి చేసిపెట్టమంది. నేను కుట్టాను, అంతే. సుభద్ర పేరు చదువుతారని వచ్చాను. నీకు చెప్పబోయాను, అక్కడ పెట్టమన్నావు.”

కుర్రాడి ముఖంలో రంగు పోయింది. ఆవిడ నోరు తెరవబోయిందనీ, తాను వినిపించుకోలేదనీ అతనికి గుర్తొచ్చి ఉండాలి. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. ఆవిడ సంచి తీసుకుని లేచింది. కండక్టరు తొందరపెడుతున్నాడు. ఆవిడ ఎక్కి వెళ్లిపోతే ఆ బొంత మిగతా సామానుతో పాటు ఏ అటక మీదికో చేరుతుంది. ఆ పిల్లకు అదేమిటో ఎన్నటికీ తెలియదు. తిరుమలేశు ఆవిడకు అడ్డం నిలబడకుండా, పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుని అడిగాడు.

“ఎలా చదవాలో మీరే చెప్పండి పిన్నిగారూ. ఈసారి మీరు చెప్పినట్టే చదువుతాను. ఒక్క మాట కూడా వదలను.”

ఆవిడ అతని వైపు కాసేపు చూసి, బస్సు వెళ్లనిమ్మని కండక్టరుకు చేత్తో చెప్పింది. ముగ్గురం ఆ ఒక్క స్కూటరు మీదే తిరిగి వచ్చాం. నా వయసులో అది శోభించే పని కాదని మా ఆవిడ తరువాత అన్నది.

తిరుమలేశు బొంతను మడత విప్పి రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. ఇందాకటి రేడియో గొంతు ఇప్పుడు లేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చదివాడు. “చీరలు పెళ్లికూతురి తల్లి, దొప్పలపూడి వారి ఆడపడుచు, కీర్తిశేషులు ఈడుపుగంటి సుభద్రగారివి. వాటితో బొంత కుట్టినవారు ఆవిడ స్నేహితురాలు, తుమ్మలపల్లి కాపురస్తులు కోగంటి ఆదిలక్ష్మిగారు. ఇద్దరూ కలిసి చదివించారు.”

పెళ్లిపీటల మీద నుంచి మృదుల లేచి వచ్చింది. ఆ పిల్ల బొంత మీద చెయ్యి వేసి ముక్క ముక్కా వెతుక్కుంది. అంచు దగ్గర ఆవపువ్వు రంగు ముక్క కనిపించగానే ఫోటో వైపు ఒకసారి చూసి, ఆ చోట చెంప ఆనించి ఉండిపోయింది. నాకు కన్నీళ్లు వచ్చాయి. పొగ వల్ల అని చెప్పుకోవడానికి అప్పటికి హోమం కూడా ఆరిపోయింది. తరువాత మృదుల ఆదిలక్ష్మిగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పంక్తిలో కూర్చోబెట్టింది. వడ్డన తిరుమలేశే చేశాడు. నెయ్యి రెండుసార్లు వేస్తే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. మాస్టారు అతన్ని పిలిచి బోధ చేస్తారేమోనని నేను సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నాను. ఆయన తాంబూలం వేసుకుని, షామియానా వాళ్లతో మాట్లాడి, నిద్రపోయారు.

సోమవారం పొద్దున్నే తిరుమలేశు పత్రం పట్టుకొచ్చాడు. కళ్లు చూస్తే సరిగా పడుకున్నట్టు లేదు. మాస్టారు మామూలుగానే చివరి నుంచి మొదలుపెట్టారు. పట్టికలో ఇంటిపేర్లన్నీ ముందుకు వచ్చాయి. ప్రతి పుస్తకానికీ ఊరు ఉంది, సంవత్సరం ఉంది. నాట్ల పాట దగ్గర ‘జానపద గీతం’ అన్న మాటకు అడుగున చిన్న అక్షరాలతో వివరణ చేరింది. పాడినవారు దాసరి మరియమ్మ, వ్యవసాయ కూలీ, ఆవిడ ఊరు, పాడిన సంవత్సరం, విని రాసుకున్నవారు సుహాసిని, ఆవిడ సిద్ధాంత వ్యాసం పేరు, పుట. అన్నీ వరసగా ఉన్నాయి. మాస్టారి వేలు ఆ పంక్తి మీద ఆగింది. ఆయన దాన్ని రెండోసారి చదవడం నేను చూశాను. తరువాత పెన్ను తీసి సంతకం పెట్టారు.

తిరుమలేశు కాగితాలు అందుకుని కూడా కదలలేదు. అన్నీ సరిగా కుదిరినట్టేనా మాస్టారూ, చివర చుక్క పెట్టాల్సిన చోటే పెట్టానా అని అడిగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

మాస్టారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

“మరియమ్మ ఇక భోంచేసి వెళ్తుంది,” అన్నారు.